రెండు సున్నాల మధ్య

నేను ముప్పయ్యొక్కేళ్లు కాకినాడలో డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పాను. ఫార్మలిన్ సీసాలో ఉన్న టేకు చేపని వెలుగుకి ఎత్తి పట్టుకుని, "ఇదిగో తోక, దాని మీద ముల్లు, ముల్లుకి రెండు పక్కలా రంపపు పళ్లు, గాడిలో విషం" అని ఎన్ని బ్యాచ్‌లకి చూపించానో లెక్క లేదు. అలాంటి నన్ను 2013 ఆగస్టులో, కాలిఫోర్నియాలో, పిక్కలు కూడా తడవని నీళ్లలో ఒక టేకు చేప పొడిచింది.

తప్పు చేపది కాదు. మా అమ్మాయి వాళ్లుండేది సెర్రిటోస్‌లో. అక్కణ్ణించి సీల్ బీచ్ దగ్గరే. అక్కడి వాళ్లు ఆ తీరాన్ని ముద్దుగా "రే బే" అంటారట, అంటే టేకు చేపల అఖాతం అన్నమాట. శాన్ గేబ్రియల్ నది సముద్రంలో కలిసే చోటది. పైనున్న విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే వెచ్చటి నీళ్లు ఆ నదిలోంచే దిగుతాయి. ఆ వెచ్చదనానికి పళ్లెమంత గుండ్రటి చిన్న టేకులు గుంపులుగా చేరి, ఇసుక కప్పుకుని పడుకుంటాయి. నీళ్లలో కాళ్లు ఎత్తి వెయ్యకూడదు, ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి. అలికిడికి చేప తనే తప్పుకుంటుంది. ఈ సంగతి బోర్డు మీద రాసుంది. మా మనవడు చిన్ను, ఎనిమిదేళ్లవాడు, చేసి కూడా చూపించాడు.

"పోరా, నేను పుట్టిందే సముద్రం పక్కన" అని, చుడీదారు పైకి పట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు దర్జాగా అడుగులేశాను. ఏడో అడుగో ఎనిమిదో అడుగో చేప వీపు మీద పడింది.

ఆ నొప్పిని వర్ణించను. బీచ్ గార్డు కుర్రాడొకడు బకెట్‌తో వేణ్ణీళ్లు తెచ్చి, తట్టుకోగలిగినంత వేడిలో కాలు ముంచి కూర్చోమన్నాడు. ఆ విషం ప్రోటీను. వేడికి గుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టు అదీ చెడిపోతుంది. ఈ ఉదాహరణ కూడా నేను క్లాసులో చెప్పేదే. బకెట్‌లో కాలు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. నాకు ముందే పొడిపించుకున్నవాడు ఒకడున్నాడని తలుచుకుని కాస్త ఊరట పడ్డాను. నన్ను పొడిచిన చేప శాస్త్రీయ నామం చివర "హాలరీ" అని ఉంటుంది. శాన్ డియాగో అఖాతం ఒడ్డున నీళ్లలో నడుస్తూ పాదంలో పొడిపించుకున్న పిల్లాడొకడు, సైన్యంలో మేజర్ హాలర్ గారి అబ్బాయి. 1863లో కూపర్ అనే శాస్త్రవేత్త ఆ పిల్లాడి మీదుగానే చేపకి పేరు పెట్టాడు. వాడికైతే బోర్డు లేదు పాపం. నాకు బోర్డూ ఉంది, మనవడూ ఉన్నాడు.

కానీ నేను చెప్పదలుచుకున్న తప్పు ఇది కాదు. ఇది కాలికి తగిలింది, పది రోజుల్లో మానిపోయింది.

సెప్టెంబరు మొదటి వారంలో లేబర్ డే సెలవులొచ్చాయి. అల్లుడుగారు మమ్మల్ని జాషువా ట్రీ ఎడారికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం నలభై డిగ్రీలకి దగ్గర్లో ఎండ. బండల నీడన కూర్చుని పులిహోర తింటుంటే ఎదురుగా ఒక ఉడుత పరుగెత్తింది. మన ఉడుత కన్నా లావు, లేత గోధుమ రంగు, డొక్కలకి అటొకటి ఇటొకటి తెల్లటి చార. "మన ఉడుతకి రాముడు మూడు వేళ్లతో నిమిరాడు, దీనికి రెంటితో సరిపెట్టాడు" అన్నాను. అందరూ నవ్వారు. తోకని వీపు మీదికి మడుచుకుని పెట్టుకుంది. అడుగున తెల్లగా ఉండే ఆ తోక అచ్చం గొడుగే. ఎండలో గబగబా ఏదో ఏరుకుంది, బొరియలోకి దూరింది, కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ దూరింది. చిన్ను లెక్కపెట్టాడు. మేమున్న గంటలో తొమ్మిదిసార్లు.

"ఎందుకలా తిరుగుతోంది అమ్మమ్మా?"

"దానికి తిక్క" అన్నాను. పులిహోర తింటున్న జంతుశాస్త్ర అధ్యాపకురాలి సమాధానం అది.

ఆ వారమే బళ్లో హోంవర్కు ఇచ్చారు. నువ్వు స్వయంగా చూసిన రెండు జంతువుల్ని పోల్చు అని. వాడు టేకు చేపని, ఎడారి ఉడుతని ఎంచుకున్నాడు. మా అమ్మాయి ఆఫీసు పనిలో ఉంది. "అమ్మా, నీ సబ్జెక్టే కదా, కాస్త చూడు" అంది. నేను అడగక్కర్లేదనుకుంటూనే అడుగుతారని ఎదురుచూస్తున్న మాట అది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీలో నాకు "భేదాల మేడమ్" అని పేరు. "కింది వాటి మధ్య భేదాలు తెలపండి" అనే ప్రశ్నకి నేను రాయించిన నోట్సు పక్క కాలేజీల దాకా జిరాక్సులై వెళ్లేది. వేరేవాళ్లు ఆరు భేదాలు రాయిస్తే నేను పద్నాలుగు రాయించేదాన్ని. పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా గీత కొట్టడం, ఎడమ ఇది, కుడి అది. మార్కులకి ఢోకా లేదు. అలా కొట్టీ కొట్టీ, ఏ రెండు వస్తువులు పక్కపక్కన కనబడినా నా బుర్రలో ముందు ఆ గీత పడేది. నవ్వకండి. ఇద్దరు కోడళ్లున్న అత్తగారి మనసులో ఆ గీత లేకుండా ఉందేమో కనుక్కోండి. ఇద్దరు పిల్లల మార్కుల కాగితాలు ఒకేసారి చేతికొచ్చిన తండ్రినీ అడగండి.

చిన్ను తెచ్చిన కాగితంలో గీత లేదు. రెండు పెద్ద సున్నాలున్నాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి. మధ్యలో బాదంపప్పు ఆకారంలో ఒక గది. ఒక సున్నాలో చేప గురించి, రెండోదాంట్లో ఉడుత గురించి, మధ్య గదిలో రెండింటికీ ఉన్న పోలికలు రాయాలి. వాడు ముందే ఆ మధ్య గదిలో పెన్సిల్‌తో ఇంగ్లిషులో ఒక వాక్యం రాసుకున్నాడు. రెండూ ఇసుకలో దాక్కుంటాయి, అని.

నేను కళ్లజోడు సవరించుకున్నాను. "ఇది తప్పు నాన్నా. చేప ఒంటి మీద ఇసుక కప్పుకుంటుంది. ఉడుత బొరియ తవ్వుతుంది. అది శత్రువులకి కనబడకుండా, ఇది ఎండ తగలకుండా. కారణం వేరైనప్పుడు పోలిక అనకూడదు."

"కానీ రెండూ దాక్కుంటాయి కదా?"

"పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు" అని, రబ్బరు తీసుకుని నేనే చెరిపాను. చెరిపిన చోట కాగితం కాస్త నలిగింది కూడా.

తర్వాత నేను చెబుతుంటే వాడు రాశాడు. చేపది మృదులాస్థి, ఉడుతది ఎముక. చేపకి మొప్పలు, ఉడుతకి ఊపిరితిత్తులు. చేప శీతల రక్త జీవి, ఉడుత ఉష్ణ రక్త జీవి. చేప తోక కత్తి, ఉడుత తోక గొడుగు. ఇది నాకు బాగా నచ్చి, రెండుసార్లు చదివించుకున్నాను. అన్నిటికన్నా పైన, మొదటి వరసలో, నా పాండిత్యానికి మకుటంలాంటి భేదం పెట్టించాను. టేకు చేప: చుట్టూ నీళ్లే, నీటికి కొదవ లేదు. ఎడారి ఉడుత: చుట్టూ నీళ్లే లేవు.

సున్నాలు రెండూ కిక్కిరిసిపోయాయి. మధ్య గదిలో "రెండూ వెన్నెముక గల జంతువులు, రెండూ పిల్లల్ని కంటాయి" అని రెండు ముక్కలు రాయించి, పైన చాలా ఖాళీ వదిలేశాను. వాడు మాట్లాడకుండా బ్యాగులో పెట్టుకున్నాడు.

శుక్రవారం కాగితం తిరిగొచ్చింది. రెండు సున్నాల పక్కనా టిక్కులు. మధ్య ఖాళీలో టీచరు ఊదా రంగు పెన్నుతో ఒక ప్రశ్నార్థకం గీసి, ఇక్కడ ఇంకేమైనా ఉందేమో ఆలోచించు అని రాసింది. నాకు ఒళ్లు మండింది. "మూడో తరగతి టీచరుకి నా భేదాలు చాల్లేదా" అని మా అమ్మాయితో అన్నాను. అది లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా, "ఆవిడ అడిగింది భేదాలు కాదేమోనమ్మా" అంది. ఆ మాట అప్పుడు చెవిలో పడిందే గానీ లోపలికి దిగలేదు.

మర్నాడు అల్లుడుగారు వెస్ట్‌మిన్‌స్టర్ వెళ్లి వియత్నాం వాళ్ల చేపల కొట్లోంచి పెద్ద పొట్లంతో వచ్చారు. ఆయనది భీమిలి. చేపల విషయంలో ఎగతాళికైనా అబద్ధమాడరు. "అత్తయ్యగారూ, మీ శత్రువుని తెచ్చాను. పగ తీర్చుకోండి" అన్నారు. విప్పి చూస్తే టేకు చేప రెక్కలు. నన్ను పొడిచిన రకం కాదు, పెద్దది. సరే అదే కులం.

సింకులో వేసి, కుళాయి తిప్పి, ముక్కల మీద వేళ్లు పెట్టాను. గుప్పుమని ముక్కుకి కొట్టింది.

ఆ వాసన మీలో తీరం వాళ్లకి తెలుసు. మామూలు చేప నీచు కాదది. బస్టాండు గోడ దగ్గర వచ్చేలాంటి ఘాటు. మా అత్తగారు టేకు గానీ సొర గానీ తెస్తే, పసుపూ ఉప్పూ వేసి ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి గానీ కూర మొదలుపెట్టేది కాదు. "ఉచ్చ కంపే, బాగా కడుగు" అనేది కొత్త కోడలిగా ఉన్న నాతో. ఆవిడ మూడో తరగతి దాకా చదువుకుంది. నేను పీజీ గోల్డు మెడల్‌దాన్ని. నేను కడిగేదాన్ని, ఆవిడ వండేది. అంతే.

కుళాయి అలా పోతూనే ఉంది. నేను ముక్క పట్టుకుని నిలబడిపోయాను. ఉచ్చ కంపు. ఎందుకుండదు? ఆ కండ నిండా యూరియానే కదా. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే వచ్చే అమ్మోనియా కదా ఇది. బ్లాక్‌బోర్డు కళ్లముందు కనబడింది. నా దస్తూరీయే. "ద్రవాభిసరణ క్రమత" అని శీర్షిక, కింద గీత. సొర, టేకు లాంటి మృదులాస్థి చేపల రక్తంలో యూరియా మనిషి రక్తంలో ఉన్నదానికి యాభై రెట్ల పైన. ఎందుకు? సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. మామూలు ఎముక చేప ఒంట్లో ద్రవం ఆ చిక్కదనంలో మూడో వంతే. కాబట్టి మొప్పల దగ్గర ఒంట్లోని నీరు బయటికి లాగేసుకుపోతుంది. మాగాయ ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట ఊరినట్టు. ఈ మాగాయ ఉదాహరణ కూడా నాదే, ఏటా చెప్పేదాన్ని, పిల్లలకి నోరూరేది. చేపకి సముద్రం నీళ్ల తొట్టి కాదు, ఉప్పు జాడీ. ఎముక చేపలు సముద్రపు నీళ్లు తాగుతూ, ఉప్పుని మొప్పల గుండా తోసేస్తూ బతుకు ఈడుస్తాయి. టేకు అలా కాదు. తాను విసర్జించాల్సిన యూరియానే ఒంట్లో దాచుకుని, సముద్రమంత చిక్కగా, దాని కన్నా ఓ పిసరు ఎక్కువ చిక్కగా తయారవుతుంది. అప్పుడు నీరు బయటికి పోదు సరికదా, తనంతట తనే లోపలికొస్తుంది. యూరియా మోతాదు మించితే ప్రోటీన్లు చెడతాయి గనక వాటికి ఇంకో రసాయనాన్ని కాపలా పెట్టుకుంటుంది. చేప చచ్చాక ఆ కాపలాదారు కూడా విరిగి నీచు వాసనవుతాడు. మిగిలిన ఉప్పుని తోడెయ్యడానికి పెద్ద పేగు చివర చిన్న గ్రంథి ఒకటి.

నీటికి కొదవ లేదు, అని రాయించాను నేను. మొదటి వరసలో. పైగా ఒత్తి రాయమన్నాను.

మరి ఉడుత? అది ఇంకో అధ్యాయం. నిజంగానే ఇంకో అధ్యాయం, పుస్తకంలో నూటయాభై పేజీల అవతల. ఎడారి క్షీరదాలు. 1961లో బార్తలోమ్యూ, హడ్సన్ అనే ఇద్దరు ఈ కాలిఫోర్నియా ఉడుతల మీదే సైంటిఫిక్ అమెరికన్‌లో వ్యాసం రాశారు. పీజీలో ఉండగా లైబ్రరీలో కూర్చుని చదివి నోట్సు రాసుకున్నాను కూడా. ఎండలో తిరిగితే దాని ఒళ్లు 43 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మనకైతే ఆసుపత్రి. అది చెమట పట్టించుకుని చల్లబడదు, అంత నీళ్లు దాని దగ్గర లేవు. ఆ వేడిని ఒంట్లోనే మోసుకెళ్లి, బొరియలో చల్లటి మట్టికి పొట్ట ఆనించి దించుకుంటుంది. చల్లబడ్డాక మళ్లీ పైకొస్తుంది. గంటలో తొమ్మిదిసార్లు. నేను తిక్క అన్నది దాన్నే. ఇక యూరియా అంటారా, దాన్ని అది దాచుకోదు, పారేస్తుంది. కానీ రక్తం కన్నా పది రెట్ల చిక్కగా కాచినట్టు చేసి, చుక్క నీళ్లతో పారేస్తుంది.

అంటే ఇద్దరిదీ ఒకటే కష్టం. ఒంట్లో నీళ్లు నిలబెట్టుకోవడం. చేతిలో ఉన్న సరుకూ ఒకటే. యూరియా. ఒకతి దాన్ని ఇనప్పెట్టెలో పెట్టుకుంది, ఒకతి మూటగట్టి బయటికి విసిరింది. కాలిఫోర్నియాలో మూడు గంటల ప్రయాణం దూరంలో, ఒకటి ఉప్పు నీళ్లలో, ఒకటి నిప్పుల ఇసుకలో, దాహంతోనే తంటాలు పడుతున్నాయి. బాదంపప్పు గదిలో రాయాల్సింది అదీ.

నన్ను కుదిపింది తెలియకపోవడం కాదు. తెలియకపోతే సిగ్గెందుకు, తెలుసుకుంటాం. నాకు అన్నీ తెలుసు. ముక్కుకి అత్తగారి రోజుల నుంచి తెలుసు, చేతికి బ్లాక్‌బోర్డు మీద తెలుసు, కాలికైతే నెల కిందటే తెలిసింది. ఈ తెలుసులు ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు. యూరియా విసర్జన పాఠంలో, ఉడుత అనుకూలనాల పాఠంలో, టేకు సీసాలో. మధ్యలో నేనే స్కేలుతో కొట్టిన గీత. గీతకి వెడల్పు ఉండదు. అక్కడ ఏదైనా రాద్దామన్నా చోటుండదు. ముప్పయ్యొక్కేళ్లలో ఒక్క పిల్లాడు కూడా, "మేడమ్, వీటికి పోలికలేమిటి?" అని నన్ను అడగలేదు. అడగనివ్వలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

చిన్ను రాసిన వాక్యం పూర్తిగా ఒప్పని ఇప్పటికీ అనను. చేప ఇసుకలో దాక్కునేది దాహం కోసం కాదు. నేనన్న మాటలో తప్పు లేదు. కానీ రబ్బరు పట్టుకునే బదులు "ఎందుకు దాక్కుంటాయో చూద్దాం పట్టు" అని ఉంటే, ఉడుత ఎందుకు తొమ్మిదిసార్లు దూరిందో వాడు అడిగేవాడు, నేను చచ్చినట్టు ఆలోచించేదాన్ని, అక్కణ్ణించి నీళ్ల దగ్గరికి వచ్చి తీరేవాళ్లం. వాడు తలుపు దగ్గర దాకా వచ్చాడు. గడియ వేసింది నేను.

చేతులు కడుక్కోకుండానే పిలిచాను వాణ్ణి. కిచెన్ గట్టు మీద కూర్చోబెట్టి, ముక్క వాసన చూపించాను. "యాక్" అన్నాడు. అక్కణ్ణించి మొదలుపెట్టి మాగాయ, ఉప్పు జాడీ, ఇనప్పెట్టె, బొరియ, అన్నీ చెప్పుకొచ్చాను. ఇరవై నిమిషాలు పట్టిందేమో. బతుకులో అంత బాగా ఆ పాఠం ఎప్పుడూ చెప్పలేదు. వాడు కాళ్లు ఊపుకుంటూ విన్నాడు. రెండు మూడు చోట్ల కళ్లు పెద్దవయ్యాయి. అంతా విని అడిగాడు.

"మరి నేను రాసింది ఎందుకు చెరిపావ్?"

కుళాయి కట్టేశాను. "కాగితం తీసుకురా, మళ్లీ రాద్దాం" అన్నాను.

"అది అయిపోయింది అమ్మమ్మా. ఇప్పుడు ప్లానెట్స్" అని దిగి వెళ్లిపోయాడు.

ఆ పూట కూర మీద ధ్యాస నిలవలేదు. ముక్కలు ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, వార్చి, మళ్లీ కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక ఇంకోసారి వేశాను. రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహమాటస్తుడు గనక, ఏమీ అనకుండా నమిలారు. చిన్ను ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. లేచి వెళ్లి ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తెచ్చి, మా ఇద్దరికీ సరిగ్గా మధ్యలో పెట్టాడు.